గట్టు నుంచి వచ్చిన ఒడిబియ్యం

ఈ పొద్దున పాలు పొయ్యి మీద ఉండగా ఫోను మోగింది. తెలియని నంబరు. నాగర్‌కర్నూలు నుంచి ఒక లెక్చరరమ్మ. నా కథల పుస్తకం చదివిందట, అందులో ‘అన్న పంపిన బియ్యం’ కథ గురించి క్లాసులో పిల్లలకు చెప్పాలనుకుంటోందట. నా ఊరు, చదువు, ఉద్యోగం అన్నీ అడిగాక, అందరూ చివర్న అడిగేదే తనూ అడిగింది, అది నా సొంత కథేనా అని. కథేనమ్మా అన్నాను, ఎప్పుడూ అనేటట్టే. ఫోను పెట్టేసి వచ్చేసరికి పాలు పొంగి పొయ్యి గట్టంతా పారాయి. గుడ్డ పట్టుకుని తుడుస్తూ నిలబడితే గట్టు వదిన, గద్వాల దిక్కు గట్టు మండలం ఆవిడ, గుర్తుకొచ్చింది. ఆమె కూడా ముందు ఇట్లాగే తెలియని నంబరుగానే వచ్చింది.

మన తెలుగు పుస్తకాలకు ఒక అలవాటుంది. రచయిత పేరు, ఊరుతో పాటు ఫోను నంబరు కూడా లోపలి పేజీలో అచ్చేస్తారు. నేను బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, వనపర్తిలో ఒక్కదాన్నే ఉంటాను. మా ఆయన పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. నాతో పనిచేసిన లెక్కల సారు పట్టుబట్టకపోతే ఆ కథలు బీరువాలోనే చెదలకు దక్కేవి. ప్రూఫులు చూసేటప్పుడు నంబరు వద్దులెండి అన్నాను. పుస్తకమేసి నంబరెయ్యకపోతే పెండ్లి చేసి దావతు ఎగ్గొట్టినట్టుంటుందన్నాడు ఆయన. సరే అన్నాను. అన్నానే గాని, పుస్తకం బయటికి పోయిన రోజు నుంచి ఫోనులో చార్జింగు తగ్గకుండా చూసుకోవడం నాకొక పనైంది. మొదట్లో మోగీ మోగకముందే ఎత్తేదాన్ని. తర్వాత సిగ్గేసి, కాసేపు మోగనిచ్చి, ఏదో పనిలో ఉన్నట్టు గొంతు మార్చి ఎత్తడం నేర్చుకున్నాను.

పాఠకులు రకరకాలు. ఒకాయన నా భాషను మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ ఇంటిపేరు దగ్గరికొచ్చి, అక్కడి నుంచి మెల్లగా కులం దాకా పోయి, అది తేలాక ఫోను పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. ఒక కుర్రాడు నా కథ ఒకటి చదివి తన కవితలు ఒక కట్టంత వాట్సాప్‌లో పంపాడు. పాత స్నేహితురాళ్లకు పుస్తకాలు పంచితే అందరూ ‘చదువుతున్నా’ అన్నారు. ఆ మాటకు తెలుగులో ‘ఇంకా తెరవలేదు’ అని అర్థం. నాగర్‌కర్నూలులో ఒక సభ పెట్టి శాలువా కప్పారు. మాట్లాడిన పెద్దమనిషి నా కథలోని ఒడి దేనికి ప్రతీకో చాలాసేపు చెప్పాడు. నేను కూడా శ్రద్ధగా విన్నాను, నాకూ అప్పుడే తెలిసింది కాబట్టి. ఎండాకాలమంతా ఫోన్లు వచ్చాయి, వానాకాలంలో పలచబడ్డాయి, పండగలొచ్చేసరికి బ్యాంకు వాళ్లు తప్ప ఎవరూ చేయడం లేదు. ఇల్లు మళ్లీ ఎప్పటి ఇల్లైంది. పుస్తకం రాకముందు ఆ నిశ్శబ్దం అలవాటే, వచ్చి పోయాక మాత్రం దాన్ని భరించడం కష్టమైంది.

ఆ కథేమిటో చెప్పాలి. అందులో వీపనగండ్లలో కాపురముండే ఒక ఆవిడ, తన కథ తనే చెప్పుకుంటుంది. మా దిక్కు పుట్టింటివాళ్లు పెండ్లయిన ఆడబిడ్డకు కొన్నేళ్లకోసారి ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, చీరె, రవికెగుడ్డ. ఆడబిడ్డ కొంగు చాపి పట్టుకుంటే దోసిళ్లతో ఒడిలో పోస్తారు. ఆ బియ్యం ఆమె అత్తగారింట్లో వండి నలుగురికీ పెట్టాలి. పుట్టిల్లు ఉన్నది, నన్ను మరిచిపోలేదు అని వాడకట్టుకు చాటుకోవడం అన్నమాట. కథలో ఆ ఆవిడ అన్న రావడం మానేస్తాడు. అడిగేవాళ్లకు జవాబు చెప్పలేక ఆమే బియ్యం కొనుక్కుని, ఆమే పసుపు కలుపుకుని, అన్న పంపాడని చెప్పి అందరికీ వండి పెడుతుంది. అక్కడితో కథ ఆపేశాను.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. గట్టు మండలంలో ఒక ఊరి నుంచి. ముందు ఒక చిన్నావిడ మాట్లాడింది. గద్వాలలో డిగ్రీ చదివిందట, అక్కడ తన స్నేహితురాలి దగ్గర నా పుస్తకం దొరికిందట. విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే రోజుల్లో అత్తకూ, వాడకట్టు ఆడవాళ్లకూ రోజుకో కథ చదివి వినిపించిందట. మా అత్తమ్మ మాట్లాడతదంట అని ఫోను ఆమెకిచ్చింది. పలకరింపూ లేదు, పొగడ్తా లేదు, మీ అన్న మళ్లీ వచ్చాడా లేదా అని అడిగింది. అది నిజం కాదమ్మా, కల్పించి రాసిన అన్నాను. ఆమె నమ్మలేదు.

"ఉత్త కథైతే నీ నంబరెందుకేసిన్రు?" అంది.

తన ఇంటి సంగతి చెప్పుకొచ్చింది. భర్తకు అక్కచెల్లెళ్లు లేరు, తనకు ఆడపిల్లలు లేరు. ఒడిబియ్యం పోద్దామంటే ఆడబిడ్డ లేని ఇల్లు, పిలిస్తే ఊరందరి ఇండ్లకూ పోయి తిని చేతులు కడుక్కుని రావడమే తప్ప తమ ఇంట్లో ఆ పని జరగనే లేదట. వనపర్తిలో ఎక్కడుంటావని అడిగింది. బస్టాండుకు ఎంత దూరమని అడిగింది. మాటవరసకు అడిగిందనుకుని చెప్పాను.

పది రోజులు గడిచాయో లేదో, పొద్దున్నే గేటు చప్పుడైతే పాలావిడ అనుకుని గిన్నెతో బయటికొచ్చాను. అత్తాకోడళ్లు నిలబడి ఉన్నారు. కోడలి చేతిలో సంచి, అత్త చంకలో తెల్లటి గుడ్డమూట. ఆమె నాకంటే కొంచెం పెద్దది, ముఖాన రూపాయి బిళ్లంత బొట్టు. నన్ను కిందికీ మీదికీ చూసి, పుస్తకం మీది ఫోటోలో జర లావున్నావే అంది. చీకటితో లేచి గద్వాల వచ్చి, అక్కడ మరో బస్సెక్కి వచ్చారట. ఆధార్ కార్డు చూపెడితే టికెట్టే లేదు గదా, ఇంట్ల కూసొని ఏం చేసేది అంది. పత్తి ఏరుతున్నందుకు భర్త రాలేకపోయాడట, చెల్లె అనుకుని పోసి రమ్మన్నాడట. ఆ ‘చెల్లె’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆమెకు మర్యాద చేయాలని తోచక, లోపలికి రండి అని కూడా అనకుండా అట్లాగే నిలబడ్డాను.

వాళ్లే లోపలికొచ్చారు. నీళ్లు తాగారు. పీట ఎక్కడుందని ఆమె నా ఇంట్లో నన్నే అడిగింది. నేను చిన్న నల్ల స్టిక్కరు పెట్టుకుంటాను, ఉద్యోగం రోజుల అలవాటు. అది వాళ్లను పొరబాటులో పడేసింది. చాప పరుస్తూ ముందు కోడలు చూసింది, గోడ మీద గంధపు దండ వేసిన మా ఆయన ఫోటోను. చూసి అత్త మోచెయ్యి తాకింది. ఆమె తలెత్తి చూసి, మూట ముడి మీద పెట్టిన చెయ్యి అక్కడే ఆపింది. ఎన్నేండ్లాయె అని అడిగింది. చెప్పాను.

"కథల మీ ఆయన ఉన్నడు గదా?"

"కథల ఉన్నడు," అన్నాను.

నవ్వు రావలసిన మాటే, ఎవరికీ రాలేదు. భర్త లేని ఆడదానికి ఒడిబియ్యం పోయరు. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు, నిన్నమొన్న డిగ్రీ చదివిన ఆ కోడలికీ తెలుసు. క్లాసులో పిల్లలకు ఇవన్నీ తప్పుడు ఆచారాలని గట్టిగా చెప్పినదాన్నే. అయినా, పోయండి ఏం కాదు అని నోటితో అనలేకపోయాను. ఆ మూట విప్పాలని నాకెంతగా ఉందో ఆ క్షణంలోనే తెలిసింది. విప్పకుండా వాళ్లు లేచి పోతారేమోనని ఆ ముడి వైపే చూస్తున్నాను. ఎవరో నన్ను మనిషినని గుర్తుపెట్టుకుని ఇంటికి రావడం ఎన్నేళ్ల తర్వాతో జరిగింది, అది కూడా తలుపు దాకా వచ్చి తిరిగి పోతుందా అనిపించింది.

మీ అన్న అందుకే బందు చేశాడా అని ఆమె నెమ్మదిగా అడిగింది. అప్పుడు చెప్పాను. సభలో చెప్పనిది, ఫోన్లలో చెప్పనిది. మా అన్నకు ఆత్మకూరులో చిన్న కిరాణం ఉండేది. నాకు ఒడిబియ్యం ఏనాడూ తప్పించినవాడు కాదు. మా ఆయన పోయిన మరుసటేడు కూడా ఎప్పటిలాగే మూట కట్టుకుని వచ్చాడు. వద్దని ఎవరూ చెప్పలేదో, చెప్పినా వినలేదో. మా అత్తగారు అరుగు మీదే ఎదురుపోయి, ఇంక ఇవెందుకు నాయనా అంది. కసురుకోలేదు, ఏడుస్తూనే అంది. అన్న నేనిచ్చిన నీళ్లు నిలబడే తాగి, మూట చంకన పెట్టుకుని బస్టాండుకు పోయాడు. తర్వాత కూడా వస్తూనే ఉండేవాడు, చింతపండు, బెల్లం, పల్లీలు, పండుమిరపకాయలు అన్నీ తెచ్చేవాడు. బియ్యం మాత్రం తెచ్చేవాడు కాదు. కిరాణం కొట్టు మనిషి, సంచిలో అన్నీ ఉండి అదొక్కటే లేకపోవడం ఇద్దరం చూసేవాళ్లం, ఇద్దరం మాట్లాడేవాళ్లం కాదు. ఆయనా పోయాడు. కథ రాసేటప్పుడు ఇదంతా రాయాలని కూర్చుంటే చెయ్యి సాగలేదు. ఆచారాన్ని నిలదీస్తే వ్యాసమైపోతుంది, అన్నను నిలదీస్తే కథవుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, అరుగు మీద అన్న నీళ్లు తాగడం రాయడం నావల్ల కాలేదు.

ఆమె వింటూ మూట మీది ముడిని వేళ్లతో తడుముతూ కూర్చుంది. మా వాడకట్టంతా ఆయన్ను ఎంత తిట్టినం అని కోడలితో అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మూట వాపస్ తీస్కపోయిండా?"

"తీస్కపోయిండు."

"నేనైతే తీస్కపోను. కొంగు పట్టు వదినా."

కుంకుమ భరిణె తీసింది. కాసేపు చేతిలో పట్టుకుని, మళ్లీ సంచిలో పెట్టేసింది. ఆమె ధైర్యం అక్కడిదాకానే, అంతకుమించి అడిగే ధైర్యం నాకూ లేదు. పీట మీద కూర్చుని కొంగు పట్టాను. దోసిలితో పోసింది, కోడలితో పోయించింది, ఇంట్లో ఉన్న మొగుడి పేరు చెప్పి ఆయన వంతు కూడా పోసింది. పసుపు వాసన, కొత్త కుడుకల వాసన. ఒడిలో బియ్యం బరువు ఎట్లా ఉంటుందో నేను మరిచేపోయాను. చల్లగా తొడల మీద కూర్చుంది. ఏడుస్తున్నానని ముందు నాకు తెలియలేదు. ఆమె నా గడ్డం పట్టుకుని, పుట్టింటికి పిడికెడు తిరిగి వెయ్యవా, ఏం టీచరువు అని ఎకసెక్కమాడింది. నిజమే, ఆడబిడ్డ కొంచెం బియ్యం తిరిగి ఇయ్యాలి. ఖాళీ గుడ్డలో పిడికెడు వేశాను. దాన్ని ఆమె జాగ్రత్తగా కట్టుకుని కొంగున దోపుకుంది.

తినిపొమ్మంటే పత్తి పని ఉందని ఆగలేదు. బస్టాండు దాకా పోయాను. పుస్తకం ఎట్లా ఉందని అడగాలని నోటిదాకా వచ్చి, అడగలేదు. బస్సు కదిలాక కోడలు కిటికీలోంచి చెయ్యూపింది. అత్త అప్పటికే పక్క సీటావిడతో మాటల్లో పడింది.

ఒడిబియ్యం వండి నలుగురికీ పెట్టాలి కదా. ఇంటికొచ్చి వండాను. వండాక ఎవరిని పిలవాలా అని ఆలోచిస్తే, నన్ను ఎరిగినవాళ్లంతా ఫోనులోనే ఉన్నారు. ఒకరు నాగర్‌కర్నూలు, ఒకరు కరీంనగరు, ఒకరు ఎక్కడో తెలియదు. మధ్యాహ్నం అన్నానికి రాగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. లెక్కల సారు కొడుకు దగ్గరికి పోయి ఉన్నాడు. పక్కింటి తలుపు కొట్టి గిన్నెలో ఇచ్చాను, ఫలానా అని చెప్పే ఇచ్చాను. ఆవిడ నా నుదురు చూసి, గిన్నె తీసుకుని, సాయంత్రం తింటామండీ అంది. తిన్నారో లేదో నేను అడగలేదు. గిన్నె మాత్రం కడిగి ఇచ్చారు. మిగిలింది నేను కూర్చుని తిన్నాను. అన్నం పచ్చగా, కాస్త చేదుగా ఉంది. పసుపు ఎక్కువ కలిపినట్టుంది గట్టు వదిన.

ఇప్పుడు ఫోన్లు అప్పుడప్పుడు వస్తాయి, పొద్దుటిదానిలాగా. సొంత కథేనా అంటే కథేనంటాను. అన్న వాపస్ తీసుకుపోయిన ఆ బియ్యానికి అరుగు మీంచి లోపలికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది. కాలానిదేం పోయింది, దానికి తొందర లేదు, పోయింది మా అన్న.