చిటికెడు మందు తగ్గించిన ఘనత

నన్ను చూసి నవ్వకండర్రా! పోయిన నెల కొండ మీద నేను వెలగబెట్టిన పనికి గోదావరి కూడా సిగ్గుపడి రెండడుగులు వెనక్కి పోయింది. అబద్ధమైతే రేవులో అడగండి.

మా అల్లుడు వెంకటరత్నంగారికి సర్కారు తరఫున అడవి చూసే దొర దగ్గర షికారీ కొలువు దొరికేలా ఉంది. కొండ మీద దొర ముందు మూడు తూటాలు కాల్చాలి, ఒక్కదానికైనా రెండు వందల గజాల దూరంలో కుండ పగలాలి. పగిలితే కొలువు, దాంతోపాటు ఉండడానికి ఇల్లు. లేదంటే పెళ్ళయి రెండేళ్ళయినా కాపురానికి వెళ్ళని మా పిల్ల ఇంకా నా దగ్గరే!

తూటాల్లో మందు కూరేది నేనే. షికారీ పెళ్ళాన్నిగా నలభై ఏళ్ళు కూరాను, లక్షకి తక్కువుండవు. ఈసారి పదిహేను చేశాను. అదే కొలతతో అంతకుముందు చేసినవి రాజమహేంద్రవరం ఇసుకతిన్నెల మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో, అల్లుడుగారు కాలిస్తే ఈగ రెక్క కూడా తప్పలేదు.

అక్కడితో ఊరుకోవచ్చుగా! "కొండెక్కేకొద్దీ గాలి పలచబడి తూటా పైకి పోతుందే" అని మా ఆయన ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. ఇంకేం, పడవెక్కే ముందు రోజు ఎవరికీ చెప్పకుండా పన్నెండు తూటాలు విప్పి తలా చిటికెడు మందు తీసేశాను. మిగతా మూడింటికీ ఓపిక చాల్లేదు. కలిసిపోకుండా, తగ్గించినవాటికి పసుపు బొట్టు పెట్టాను.

కొండ మీద తెల్లారేసరికి ఏం చలి! నాకున్న నాలుగు పళ్ళూ కొట్టుకుంటే ఆ చప్పుడుకి దొరగారి గుర్రం బెదిరింది.

అల్లుడుగారు గురిచూసి పేల్చారు. కుండకి కింద, మట్టి లేచింది. రెండోది కుండ పెట్టిన గుంజ మొదట్లో తగిలింది. కుండ ఊగింది, అంతే.

"కుండకి దణ్ణం పెట్టుకోమనండి, జాలిపడి అదే పగుల్తుందేమో!" అన్నాడు దొరగారి గుమాస్తా. అందరూ గొల్లుమన్నారు.

అల్లుడుగారి మొహం నల్లబడిపోయింది. "చలికి మందు బద్ధకిస్తుందని గురి ఎత్తే పెట్టానండి, దొరగారూ. అయినా కిందికే పోతోంది. నా చెయ్యే చెడిందండి" అన్నారు.

చలికా! గాలి మాట వెనకే ఈ చలి మాట కూడా మా ఆయన చెప్పే ఉంటారు. అప్పటికి నేను గురక పెడుతుంటాను. అసలే బద్ధకించిన మందు, పైగా చిటికెడు నేను కాజేశాను!

నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. లక్ష తూటాల పరువు నిలుస్తుంది. కానీ అల్లుడుగారు తన చేతిని తనే తిప్పి తిప్పి చూసుకుంటున్నారమ్మా. ఉండలేకపోయాను.

"ఆగండి బాబూ! తప్పు మీ చేతిది కాదు, నాది. బొట్టు పెట్టినవాట్లో మందు తగ్గించాను. బొట్టు లేనిది కాల్చండి."

ఆయన తెల్లబోయారు. "అయ్యో, అత్తయ్యగారూ! అమ్మవారి దగ్గర పెట్టి తెచ్చారనుకుని బొట్టున్నవే ఏరి మరీ కాల్చానండి!"

ఈసారి నవ్వులకి కొండే కదిలింది. భూమి చీలితే దూకేద్దామని కిందికి చూశాను. అంతా రాయి!

మూడో తూటాకి కుండ వెయ్యి ముక్కలైంది.

దొర కొలువిచ్చాడు. గుమాస్తా కాగితం రాసి అందరి ముందూ చదివాడు. చివర దొర చెప్పి రాయించిన ముక్క: "సదరు షికారీ అత్తగారైన నరసమ్మ తుపాకీమందుకు పది గజాల దూరమున ఉండవలెను."

మా ఏడు తరాల్లో సర్కారు కాగితం మీద పేరెక్కిన మొదటి ఆడదాన్ని నేనే! పెట్టె అడుగున దాచమని పిల్లని బతిమాలాను. అల్లుడుగారు పటం కట్టించి కొత్తింటి వీధిగుమ్మం పక్కనే తగిలించారు. అందుకే చుట్టపుచూపుగా వెళ్ళినా నేను పెరటిదారినే వెళ్తున్నాను.