జింక అడ్డం రాలేదు

ఏప్రిల్ వచ్చిందంటే లవాన్ కుజేలాకు కాలు ఒకచోట నిలవదు. మా బడి బస్సుల్లో నాలుగో నంబరు బండి ఆమెది. ఇరవై ఆరేళ్లుగా నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య కంకర రోడ్ల మీద మా పిల్లల్ని తెచ్చి దింపుతోంది. నేను బడి వంటగదిలో పనిచేస్తాను. పిల్లల్ని దింపాక నా దగ్గర కాఫీ తాగి పోవడం ఆమెకు అలవాటు. ఆ ఏడు మాత్రం కాఫీ సగంలో వదిలేసి లేచిపోయేది.

ప్రామ్ దగ్గర పడింది. పెద్ద తరగతుల పిల్లలు పొడుగు గౌన్లు, అద్దె సూట్లు వేసుకుని జిమ్‌లో నాట్యమాడే పండగ అది. ఆ తర్వాత కొందరు ఏదో ఒక పచ్చిక బయలుకు కార్లేసుకుపోయి బీర్లు తాగుతారని ఊరందరికీ తెలుసు. అందుకే బడివాళ్లు ఏటా, తాగి తోలితే ఏమవుతుందో చూడమని, నుజ్జయిన కారొకటి తెచ్చి గేటు ముందు పెడతారు. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు.

ఈసారి ప్రిన్సిపాల్ లవాన్‌ని పట్టుకున్నాడు. ఇన్నేళ్లలో బస్సుకు గీత కూడా పడనివ్వనిది నువ్వే కదా, పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పమన్నాడు. ఆమె సరేనంది. అన్నప్పటి నుంచి నిద్ర పట్టలేదని నాతో తర్వాత చెప్పింది.

మూడేళ్ల కిందట ఒక శనివారం మధ్యాహ్నం సొంత పికప్పు ట్రక్కులో వస్తూ ఆమె డ్వేన్ వానెక్ పొలం కంచెలోకి దూసుకుపోయింది. జింక అడ్డం వచ్చిందని చెప్పింది. మా వైపు అది మామూలే, ఎవరూ మారు మాట అడగలేదు. నీకేం కాలేదు, అదే చాలని డ్వేన్ రెండు రోజులు కష్టపడి కంచె తనే బాగుచేసుకున్నాడు.

బుధవారం జిమ్‌లో నూట ఇరవై మంది పిల్లల ముందు మైకు పట్టుకుని లవాన్ మొదట అన్న మాట ఇది: "ఆ రోజు జింక ఏదీ రాలేదు. నేను ఫోన్‌లో మెసేజ్ చూసుకుంటున్నాను."

మూడో వరసలోంచి డ్వేన్ కూతురు బ్రిన్ లేచింది. ఆ పిల్ల మొహం ఎర్రబడి ఉంది.

"ఆ మెసేజ్‌లో ఏముంది, మిసెస్ కుజేలా?"

"మా చెల్లెలు పంపింది. ఆదివారం భోజనానికి బంగాళాదుంప సలాడ్ నువ్వు తెస్తావా, నన్ను చేయమంటావా అని."

వెనక నుంచి నవ్వులు వినిపించాయి. లవాన్ అవి తగ్గేదాకా ఆగింది.

"బడి ఉన్న రోజైతే ఆ కంచె దగ్గరే మీ తమ్ముడు నా బస్సు కోసం నిలబడతాడు, బ్రిన్."

బ్రిన్ కూర్చుంది. లవాన్ తన ఫోన్ నంబరు రెండుసార్లు చదివింది. మీరు తాగినా, మీ బండి తోలేవాడు తాగినా నాకు చేయండి, వచ్చి ఇంట్లో దింపుతాను, ఒక్క మాట అడగను అంది.

సాయంత్రానికల్లా విషయం ఇంటింటికీ పాకింది. బడి నడిపే బోర్డు కూర్చుని తేల్చేదాకా బస్సు ఎక్కవద్దని తాళాలు తీసుకున్నారు. ఆమె వాదించలేదు. కొట్లో కొందరు తల్లులు మొహం తిప్పుకున్నారు. మూడేళ్లు నోరు మూసుకున్నదానివి ఇప్పుడెందుకు తెరిచావని నేనూ మొహం మీదే అడిగాను.

"అద్దంలో ఆ పిల్లల మొహాలు చూస్తూ బస్సు తోలాలి కదా. నా వల్ల కాలేదు," అంది.

శనివారం ప్రామ్. ఆ సాయంత్రం నాట్యానికి ముందు పిల్లలు జంటలుగా జిమ్‌లో నడిచి చూపించే వేడుకకు పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె గౌన్లు చూడలేదు. ఎవరు ఎవరి కారులో వచ్చారో, ఎవరి చేతిలో తాళాలున్నాయో చూసుకుంటూ ఉంది. ఆ రాత్రి ఆమె ఫోన్ మోగలేదు.

ఆదివారం తెల్లారగానే మా వాకిట్లో పికప్పు ఆపి, "రా, ఎక్కు," అంది. తన బస్సు దారినే బయల్దేరింది. ఒక్కో వాకిలి ముందు నెమ్మదించి, ఆ ఇంటి పిల్లల బండి ఉందో లేదో చూసి కదిలేది. ఉన్నచోట పెదవులు కదిలేవి, లెక్కపెడుతోందో, ప్రార్థన చేస్తోందో తెలియలేదు.

వానెక్‌ల వాకిట్లో బ్రిన్ కారు లేదు.

లవాన్ బండి ఆపింది కానీ దిగలేకపోయింది. డ్వేన్ కొట్టంలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బుధవారం నుంచి ఆమెతో మాట్లాడని మనిషి, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"పిల్ల ఇంట్లోనే ఉంది. కారు ఆ పచ్చిక బయల్లోనే వదిలేసింది. రెండు బీర్లు తాగిందట, తోలనని రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేస్తే పోయి తెచ్చుకున్నా. నీకే చేద్దామనుకుందట. బస్సు పోగొట్టుకున్న మనిషిని ఇంకా ఇబ్బంది పెట్టడమెందుకని నన్ను లేపింది."

"తిట్టావా?"

"తిడదామనే ఉన్నా. పిల్ల ఇంకా లేవలేదు. కంచె సంగతి మాత్రం నేను మర్చిపోను, లవాన్."

"మర్చిపోవద్దు," అంది.

మే నెలలో బోర్డు బస్సు తిరిగి ఇచ్చింది. రెండు కుటుంబాలు బడి సెలవులిచ్చేదాకా పిల్లల్ని ఆ బస్సు ఎక్కనివ్వలేదు. వాళ్లది తప్పని లవాన్ ఎన్నడూ అనలేదు.

ఆ ఆదివారం ఉదయం మాత్రం, కాఫీ తాగి పొమ్మన్నాడు డ్వేన్. నాకు దిగాలనే ఉంది. లవాన్ అప్పటికే గేరు వేసింది. చూడాల్సిన వాకిళ్లు ఇంకా నాలుగు ఉన్నాయి.