‘బావి బదులు’కు ఎర్ర రంగు

మెయిల్ సర్వర్ మార్చిన మర్నాడు సుకుమారి తెరిచిన క్యాలెండరు తెల్లబోయి ఉంది. పాత సర్వర్ ఫ్యాక్టరీలోనే, స్టోర్సు పక్క గదిలో ఉండేది. కొత్తదాన్ని ముంబయి హెడ్డాఫీసులో పెట్టారు. మీటింగులు, లారీల రాకలు, బండ్ల ట్రిప్పులు అన్నీ తేదీలతో సహా భద్రంగా వచ్చాయి. వాటికి ఆమె వేసిన రంగులే రాలేదు. ఒక్కొక్కటి తెరిచి చూస్తే ఏ రకం పనో పేరుంది. ఆ పేరు పక్కనే ‘ఇది మీ జాబితాలో లేదు’ అన్న ముక్క ఉంది. ముంబయిలో సర్వర్ చూసే కుర్రాడు ఫోనులో ఓదార్చాడు: “మేడమ్, డేటా సబ్ ఆ గయా. సిర్ఫ్ కలర్ హీ తో గయా హై!”

పోయింది రంగే కదా అనుకునేవాళ్ళకు ఆ రంగు సంగతి చెప్పాలి. అంతకంటే ముందు సుకుమారి సంగతి.

ఆమెది జిన్నారం వైపు ఒక ఊరు. తండ్రి సొలొమోనుకు కొంచెం పొలం, అందులో ఒక బావి ఉండేవి. పక్కన ఈ మందుల ఫ్యాక్టరీ వచ్చిన కొన్నేళ్ళకు బావినీళ్ళు టీ రంగుకు తిరిగాయి. ఆ తర్వాత బర్రెలు మూతి పెట్టడం మానేశాయి. వరి పోయింది, కూరగాయలు పోయాయి, చివరికి సొలొమోనూ పోయాడు. సంగారెడ్డిలో ఇంటరు చదివి టైపు నేర్చుకున్న కూతురు అదే ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. నీళ్ళు చెడగొట్టిన వాళ్ళ దగ్గరే జీతానికి చేరడమేమిటని అడిగే ఆదర్శవాదులు పట్నంలో చాలామంది ఉంటారు. వాళ్ళ ఇళ్ళల్లో నల్లాలు ఉంటాయి.

ఊరంతా గేటు ముందు బైఠాయించాక కంపెనీ దిగివచ్చింది. రోజు విడిచి రోజు మంచినీళ్ళ ట్యాంకరు పంపుతామంది. ఆ మాటలు జరిగిన రోజు కంపెనీ పెద్దాయన “మా తరఫున మీకు చిన్న సాయం...” అని ఎత్తుకోబోతే, ఊరి పెద్ద మల్లన్న మధ్యలోనే తుంచేశాడు.

“సాయం ఎవ్వలడిగిన్రు సారూ? మా బావి తిన్నరు. బావికి బదులు నీళ్ళు పోస్తున్నరు. గంతే.”

ఆ మాటలు కంపెనీ తరఫున రాసుకున్నది సుకుమారే. తర్వాత కంప్యూటర్లు వచ్చి ఫ్యాక్టరీ క్యాలెండరు ఆమె చేతిలో పెట్టినప్పుడు, ట్యాంకరు ట్రిప్పులకు ఇంగ్లీషు అక్షరాల్లో ‘బావి బదులు’ అని పేరు పెట్టి ఎర్ర రంగు వేసింది. ఆఫీసులో అదొక కట్టుబాటు. ఎర్రటి పనిని ఎవరూ కదపరు. బాయిలరు తనిఖీ ఎరుపు. ఆకుపచ్చ పనిని వీలును బట్టి జరపొచ్చు. విందులు, పిక్నిక్కులు ఆకుపచ్చ.

ఇప్పుడు ఆ పేర్లూ రంగులూ తిరిగి పెట్టాలి. అడ్మిన్ మేనేజరు వెంకటేశం ముంబయి నుంచి వచ్చిన జాబితా ఒకటి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. అందులో ‘బావి బదులు’ లేదు. ఆ చోట ‘గుడ్‌విల్’ అని ఉంది. రంగు ఆకుపచ్చ.

“ఇదేంది సార్?”

“అన్ని ఫ్యాక్టరీలకు ఒకటే లిస్టమ్మా. ‘బావి బదులు’ అంటే బయటోళ్ళు సూస్తే ఏమనుకుంటరు? మంచి పేరు పెట్టిన్రు. మనకింత పుణ్యం గూడ వస్తది.”

పుణ్యం! ఒకరి బావిలో విషం పోసి, ఆనక బిందెడు నీళ్ళిచ్చి, దానికి పైలోకంలో కూడా జమ రాయించుకునే తెలివి. సుకుమారికి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ జీతం పని కదా, చెప్పినట్టే చేసి, ప్రింటు తీసి గోడకు అంటించింది.

ఆ వారమే ఫారిన్ నుంచి తనిఖీవాళ్ళు వస్తున్నారన్న కబురు వచ్చింది. గేటు లోపలి పచ్చిక ఎండి గోధుమరంగుకు తిరిగి ఉంది. సాయంత్రం ఇంటికి బయల్దేరిన సుకుమారికి, ఆ గడ్డి మీద పైపు పట్టుకుని నిలబడ్డ ట్యాంకరు డ్రైవరు యాదన్న కనిపించాడు.

“యాదన్నా, ఇయ్యాల ఊరి ట్రిప్పు గాదా?”

“నేనేం జేద్దునక్కా? మేనేజర్ సారు గడ్డికి పొయ్యమన్నడు. నువ్వు అంటించిన కాయితంల పచ్చగనే ఉండె. పచ్చగుంటే ఏడికైన తిప్పొచ్చు గద!”

ఇంటి దగ్గర తల్లి ఏసమ్మ ఖాళీ బిందెల మధ్య కూర్చుని ఉంది. వీధి వీధంతా అలాగే ఉంది.

“పొద్దుగాల్నుంచి సూస్తున్నం బిడ్డా. ట్యాంకరేడ సచ్చింది?”

“గడ్డికి పోసిన్రమ్మా.”

“గడ్డికా!” ఏసమ్మ ఖాళీ బిందెను పక్కకు తోసింది. “ఆ గడ్డి ఎవ్వలు మేస్తరే? మీ సార్లా? నువ్వు ఆఫీసుల కూసోని ఏం కాపలా కాస్తున్నవే మరి?”

ఆకుపచ్చ వేసింది తన చెయ్యే.

మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్ళగానే క్యాలెండరు తెరిచింది. అన్ని ట్రిప్పులకూ పాత పేరే ఉన్న పాత ప్రింటొకటి పక్కన పెట్టుకుంది. ‘బావి బదులు’ను మళ్ళీ జాబితాలో చేర్చి, ఎరుపు ఎంచి, రాబోయే ట్రిప్పులన్నిటికీ తగిలించింది. గడ్డికి మళ్ళించిన నిన్నటి ట్రిప్పును ఆ రోజుకే పెట్టింది. ప్రింటు తీసి గోడకు అంటించింది.

వెంకటేశం పరుగున వచ్చాడు. “ఎవరు మార్చమన్నరమ్మా?”

“ఎవ్వరు జెప్పలే సార్. నేనే మార్చిన.”

“తనిఖీవాళ్ళు ఎల్లుండే వస్తున్నరు. గడ్డికి నీళ్ళెట్ల?”

“మా నాయిన బావి నిండుగనే ఉన్నది సార్. ట్యాంకరు ఆడికి తోలిస్త. గా నీళ్ళు పోద్దాం.”

“ఆ నీళ్ళా? నీకేమన్న పిచ్చా? గడ్డి మాడి మసైతది!”

అన్నాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు. సుకుమారి అతని ముఖంలోకి చూస్తూనే ఉంది. వెంకటేశం గోడమీది కాగితం వైపు ఒకసారి, తన చెప్పుల వైపు ఒకసారి చూసి, జేబులోని పెన్ను సర్దుకుని వెళ్ళిపోయాడు.

యాదన్న తలుపు దగ్గర నిలబడి కాగితం చూశాడు. “ఎర్రగైంది గదక్కా. ఊర్లెకేనా?”

“ఊర్లెకే. జల్దీ పో. మా అమ్మ తిట్లు నీకు గూడ మిగిలినయ్.”

తనిఖీవాళ్ళు వచ్చారు. గొట్టాలు చూశారు, రికార్డులు చూశారు, జీడిపప్పు తిని వెళ్ళారు. గడ్డి వైపు ఒక్కడూ తల తిప్పలేదు. ముంబయి నుంచి మాత్రం, జాబితాలో లేని పేరొకటి మీ క్యాలెండరులో ఉంది, తీసేయండి అని మెయిల్ మీద మెయిల్ వస్తూనే ఉంది. సుకుమారి ప్రతిదాన్నీ వెంకటేశానికి పంపుతుంది. అతను ఒక్కదానికీ జవాబివ్వడు.