బట్టమేక పిట్ట జాగా

యాభైల చివర నేను హైదరాబాదులో జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తుండేవాణ్ణి. మాది నల్లగొండ వైపు పల్లె. నా పరిశోధనంతా బట్టమేక పిట్ట మీద. మనిషి నడుము దాకా వచ్చే పెద్ద పక్షి అది. చెట్టుమీద వాలదు, గడ్డిబీళ్లలో నడుస్తూ తిరుగుతుంది, నేలమీదే ఒక్క గుడ్డు పెడుతుంది. మహబూబ్‌నగర్ బీళ్లలో దాన్ని చూశామన్నవాళ్లు చాలామందే ఉన్నారు. గుడ్డు పెట్టిన చోటు చూసి రాసినవాళ్లు మాత్రం, నాకు తెలిసి, లేరు.

రెండు వానాకాలాలు వెతికినా దొరకలేదు. మూడో ఏడు, గొర్రెలు కాసే ఒక కురుమ పెద్దాయన కొన్నాళ్లు నన్ను గమనించి, ఒక పొద్దున తనే పలకరించాడు.

"ఏం దేవులాడుతున్నవ్ సారూ?"

చెప్పాను. ఆయన నవ్వలేదు. గులకరాళ్ల మీద చప్పుడవుతుందని నా బూట్లు విప్పించాడు. అరమైలు నడిచాక కర్ర అడ్డం పెట్టి ఆపాడు. గడ్డి మధ్య ఒట్టి నేలమీద, తడిమట్టి రంగులో, మచ్చల గుడ్డు.

"మా నాయిన కాలం సంది గీడనే పెడతది. పిల్ల లేసేదాంక మందలను ఇటు తోలం. జాగా మాత్రం ఎవ్వలకు చెప్పకు సారూ."

"చెప్పను తాతా" అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

వ్యాసం రాసి మా ప్రొఫెసరుకు చూపిస్తే, "చోటు చెప్పకపోతే ఎవరు నమ్ముతారయ్యా? ఊరు రాయి, గుట్ట రాయి, మ్యాపు గీయి" అన్నాడు. ఆయన తప్పేం లేదు, పద్ధతే అది. ఒక రోజంతా తటపటాయించి, మర్నాడు గీశాను. రోడ్డు నుంచి గుట్టకు, గుట్ట నుంచి బీడుకు దారి చాలా శ్రద్ధగా గీశాను. ముసలాయన గురించి ఒక్క ముక్క లేదు. గుడ్డును నేనే కనుక్కున్నట్టు రాసుకున్నాను.

వ్యాసం అచ్చయింది. పై దేశాల నుంచి ఉత్తరాలొచ్చాయి. పక్షుల మీద రాసేవాళ్లు నా వ్యాసాన్ని ఉటంకించడం మొదలుపెట్టారు. కాలేజీలో లెక్చరరు ఉద్యోగం దానివల్లే వచ్చింది. ఎక్కడ నా పేరు కనబడినా ఆ పేజీలో చీటీ పెట్టి దాచుకునేవాణ్ణి.

మూడేళ్ల తర్వాత మళ్లీ ఆ ఊరు వెళ్లాను. ఆయన గుట్ట కింద కూర్చుని చిరిగిన గొంగడి కుట్టుకుంటున్నాడు.

"లేవు సారూ" అన్నాడు, నేనడగకముందే. "పోయిన వానకాలం జీపుల నలుగురొచ్చిన్రు. తుపాకులున్నయి. తొవ్వ ఎవ్వలనడగలే. చేతుల అచ్చు కాయితముండె, దాంట్ల మా గుట్ట గీసుండె. సక్కగ బీట్లకే పోయిన్రు. దొరికినయి కొట్టిన్రు. మిగిలినయి మల్ల రాలే."

"గా కాయితం నేను రాసిందే తాతా."

ఆయన సూది ఆపలేదు. "గదే అనుకున్న" అన్నాడు. దారం కొరికి అడిగాడు, "దాంట్ల నా పేరు రాసినవా?"

"రాయలే."

"మంచిగైంది. రాస్తె నేనే సూపెట్టిన్నని అందరికి ఎర్కైతుండె. మావోల్లు నా మొకం సూడకపోదురు."

ఆయన పేరు రాయనందుకు క్షమించమనాలని బస్సులో మాటలు కూర్చుకుంటూ వచ్చినవాణ్ణి నేను. తీరా అది ఒక్కటే ఆయనకు మేలైంది. మిగతాదానికి ఏమని అడగాలో తోచలేదు. సొరకాయ బుర్రలోంచి నీళ్లు పోశాడు. దోసిలి పట్టి తాగాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

తిరిగొచ్చి పత్రికకు చిన్న సవరణ పంపాను. ఆ బీట్లో ఇప్పుడు పక్షులు లేవని, వేటే కారణమని రాశాను. వేటగాళ్లకు దారి చూపింది నా మ్యాపేనని ఇంకో వాక్యం రాసి, కొట్టేశాను. ఆ సవరణను ఎవరూ పట్టించుకోలేదు. మొదటి వ్యాసాన్ని మాత్రం ఏటా ఎవరో ఒకరు ఉటంకిస్తూనే వచ్చారు.

అరవైల చివర నా విద్యార్థి ఒకడు థీసిస్ తెచ్చాడు. "మహబూబ్‌నగర్ బీళ్లలో ఈ పక్షి గుడ్లు పెడుతుంది" అని రాసి, ఆధారంగా నా పేరు వేశాడు.

"పెట్టేది అని దిద్దు" అన్నాను.

"ఎందుకు సార్?"

"వేట" అని, పేజీ తిప్పాను.