రూతమ్మక్క కంప్యూటర్‌లో నేను వేసింది

ఈ బరువును ఏళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేను, చర్చిలో చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. రూతమ్మక్క ఎదురుపడితే నేను తల తిప్పుకుంటాను. పాపం ఆమె మాత్రం, అబ్బి పనితొందరలో చూసుకోలేదులే అనుకుంటుంది.

వేంపల్లెలో నాది కంప్యూటర్లు బాగుచేసే చిన్న అంగడి. రూతమ్మక్కది మా వీధే, మా చర్చే. ఆమె భర్త దేవదానం అన్న చర్చిలో పాటలు నడిపించేవాడు. ఇంట్లో కంప్యూటర్ ముందు మైకు పెట్టుకుని, తను కట్టిన పాటలు పాడి దాచుకునేవాడు. ఎవరైనా రికార్డు చేద్దామని ఫోను ఎత్తితే సిగ్గుపడి ఆపేసేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. ఆయన గొంతు ఆ పాత డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేదు.

కొన్నాళ్ళకు ఆ కంప్యూటర్ టకటకా శబ్దం చేయసాగింది. అక్క భయపడి నా దగ్గరికి తెచ్చింది. లోపలి హార్డ్‌డిస్క్ పోయేలా ఉందని, దాని బదులు ఎస్‌ఎస్‌డీ అనే చిప్పుల డిస్క్ వేస్తే పాటలు భద్రంగా ఉంటాయని చెప్పాను. ఎలాంటిది మంచిదో కూడా పెద్ద పండితుడిలా వివరించాను. పేరున్న కంపెనీది కావాలి, గ్యారంటీ ఎక్కువ ఏళ్ళు ఉండాలి, అన్నిటికంటే ముందు కొత్తదై ఉండాలి అన్నాను. ఆమె అడిగింది ఒక్కటే, చెడిపోనిది వేయమని.

మరి నేనేం చేశాను? కడప నుంచి కొత్తది రావడం ఆలస్యమైంది. సొరుగులో, ఏదో ఆఫీసు కంప్యూటర్‌లోంచి పీకిన పాత ఎస్‌ఎస్‌డీ ఒకటి పడి ఉంది. ప్రస్తుతానికి ఇది చాల్లే అని పాటలన్నీ దాంట్లోకి ఎక్కించాను. దాని ఆయుష్షు అయిపోవచ్చిందని తెర మీద హెచ్చరిక వచ్చింది. చూశాను. చూసి మూసేశాను. డబ్బాను అక్కకు అప్పజెప్పాను. తర్వాత కొత్తది వచ్చింది కూడా. ఇంకొకరు తొందరపెడుతుంటే అది వాళ్ళకు బిగించి, రూతమ్మక్కకు రేపు మారుద్దాం, ఎల్లుండి మారుద్దాం అనుకుంటూ కాలం గడిపాను. పాత హార్డ్‌డిస్క్ పూర్తిగా ఆగిపోతే పారేశాను. ఇంకో కాపీ తీసి పెట్టడానికి నాకు ఎంతసేపు పట్టేది? నన్ను అంతగా నమ్మింది కాబట్టే అలుసైపోయిందా? కొత్తదేనా అని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఎక్కువసార్లు వింటే అరిగిపోతాయని క్యాసెట్లను దాచుకున్న తరం ఆమెది. కంప్యూటర్ కూడా అంతేననుకుంది. అన్న పోయి ఏడాది తిరిగాక జరిగే జ్ఞాపకార్థ కూడికలో అందరికీ ఆ పాటలు వినిపించాలని, అంతవరకు తను కూడా వినకుండా, డబ్బాను అన్న పంచెలో చుట్టి ఎండకు కాగే బండల మిద్దె గదిలో ఎత్తిపెట్టింది. ఆ సంగతి తెలిసి నేను, సిగ్గులేనివాణ్ణి, సంతోషించాను. వాడకపోతే ఇంక చెడేదేముంది అనుకున్నాను.

ఎండాకాలం దాటి కూడిక రోజు వచ్చింది. పొద్దున్నే ఆమె ఆ డబ్బాను నా అంగడికి మోసుకొచ్చింది. ఎంత ప్రయత్నించినా అందులో ఒక్క పాటా దొరకలేదు. ఫోనులో వెతికితే అప్పుడు తెలిసింది. అరిగిపోయిన ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా వేడిలో నెలల తరబడి ఉంచితే లోపలివి చెరిగిపోవచ్చట.

"ఆయన గొంతు యాడికి పాయ అబ్బీ?"

"ల్యాదక్కా. అంతా పోయిండాది."

"అరిగిపోతాదని ఎత్తిపెట్టినా గదప్పా. నేనేమన్నా తప్పు చేసినానా?"

అప్పుడు నేను నిజం చెప్పి ఉండాల్సింది. నా నోటికి ఏం వచ్చిందో చూడండి.

"అట్ల పెట్టగూడదక్కా. శానా దినాలు కరెంటు ఇయ్యకుంటే పోతాయి."

"అయితే నేనే పోగొట్టుకున్నా" అని ఆమె పంచెను మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నేను చెప్పింది అబద్ధం కాదని ఎన్ని రాత్రులు సర్దిచెప్పుకున్నానో. కానీ మాట ఇచ్చినట్టు కొత్తది వేసి ఉంటే ఒక్క ఏడాదికి దానికేమీ అయ్యేది కాదు. అది నాకు తెలుసు. తెలిసే ఆమె మీదికి నెట్టాను.

ఆ సాయంత్రం కూడికలో రూతమ్మక్క లేచి నిలబడి పైకే ప్రార్థన చేసింది. "ప్రభువా, ఆయన గొంతు నా చేతులారా పోగొట్టినా. నన్ను క్షమించు. ఆయన నీ దగ్గరే ఉండాడు గదా, ఆయనకూ చెప్పు" అంది. అందరూ ఆమెన్ అన్నారు. మగవాళ్ళ వరుసలో కూర్చుని నేనూ అన్నాను.

ప్రతి ఏడూ ఆమె అదే ప్రార్థన చేస్తోంది. మొన్నటి కూడికలో ఇంకో మాట కూడా చేరింది. ఆయన ముఖం గుర్తొస్తోందట, గొంతు మాత్రం గుర్తు రావడం లేదట. దానికీ నేను ఆమెన్ అన్నాను.

పోగొట్టింది నువ్వు కాదక్కా. నేను. ఈ మాట నోటితో ఇంకా అనలేకపోయాను. రాయడం మాత్రం రాశాను.