కుడివైపు కప్పు

అస్మరాలో సైకిల్ లేని ఇల్లు ఉండొచ్చేమో గాని, సైకిల్ గురించి మాట్లాడని ఇల్లు ఉండదు. ఆ ఊళ్ళో పాత ఇనుము బజారుకు వెళ్ళే సందులో సైకిళ్ళు బాగుచేసే ఆడమనిషి ఒక్కతే. పేరు అజియెబ్. పొడగరి. జడలు తలకు అంటిపెట్టుకునేలా అల్లి, మెడ వెనక వదిలేసేది. తెల్లటి గుడ్డ కప్పుకుని చర్చికి వెళ్ళినా ఆమె చేతివేళ్ళ సందుల్లో గ్రీజు నలుపు అలాగే ఉండేది. సబ్బుకు పోదు, నిమ్మకాయకూ పోదు.

ఆ పని ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి బొక్రె కుర్రతనంలో ఒక ఇటలీవాడి దుకాణంలో చేరి పని నేర్చుకున్నాడు. ఆ దొర వెళ్ళిపోతూ పనిముట్లు ఇతనికి వదిలిపోయాడు. బొక్రె కొడుకు ఒక్బాయ్ సైకిల్ పందేలలో దిగేవాడు. ఆదివారాలు ఊరి పెద్దవీధిలో ఈతచెట్ల కింద జనం గోడకట్టి నిలబడితే, చెల్లెలు అజియెబ్ వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి దూరి ముందుకు వచ్చి చూసేది. అన్న ఎప్పుడూ మొదటివాడు కాలేదు. మూడోవాడో నాలుగోవాడో వచ్చి, ఇంటికొచ్చి గిన్నెడు శనగపిండి కూర ఒక్కడే తినేసి, నవ్వుతూ పడుకునేవాడు.

సైకిల్‌ని ఎలా వినాలో ఆమెకు నేర్పింది ఒక్బాయే. రెండు పెడళ్ళనూ మోసే క్రాంకుల్ని పట్టుకుని అటూ ఇటూ ఊపమనేవాడు. ఫ్రేము అడుగున అడ్డంగా ఉండే గొట్టంలో, ఇరుసును పట్టుకుని చెరోవైపూ ఒక కప్పు బిగించి ఉంటుంది. అందులో ఏది వదులైనా టక్కుమని వేళ్ళకు తెలుస్తుంది. "చెవితో కాదే, వేలితో విను" అనేవాడు. ఆడపిల్లకు ఈ చమురు పనేమిటి, రేపు ఎవడు చేసుకుంటాడని తల్లి సణిగితే, చేసుకునేవాడికి సైకిల్ ఉంటే చాలు, వాడే వెతుక్కుంటూ వస్తాడని వెనకేసుకొచ్చేవాడు.

ఒకనాడు అజియెబ్ లేచి చూసేసరికి అన్న పక్క ఖాళీగా ఉంది. సాధనకు వెళ్ళాడనుకుంది. మొహం కడుక్కోడానికి వాకిట్లోకి వస్తే సైకిల్ గోడకు ఆనించి ఉంది. సైకిల్ ఇంట్లో ఉండి మనిషి లేకపోవడమన్నది ఆ ఇంట్లో అంతకుముందు ఎరగరు. ఆమె తల్లిని లేపలేదు. సైకిల్ పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆ రోజుల్లో వీధికి ఇద్దరు ముగ్గురు అలాగే చెప్పకుండా కొండల్లోకి, స్వాతంత్ర్య పోరాటంలోకి వెళ్ళిపోయేవాళ్ళు. చెబితే ఇంట్లోవాళ్ళకే ముప్పు.

వెళ్ళే ముందురోజు సాయంత్రం ఒక్బాయ్ ఆ సైకిల్ కుడివైపు కప్పు విప్పి, దాని చుట్టూ ఉన్న మరచుట్ల మీద నారపోగు చుట్టి, మళ్ళీ బిగించాడు. ఇటలీ ఫ్రేములకు అదొక తెగులు. ఇంగ్లీషు సైకిళ్ళకు కుడివైపు కప్పు ఎదురుమర, తొక్కేకొద్దీ బిగుసుకుంటుంది. ఇటలీవాటికి రెండువైపులా ఒకే మర, తొక్కేకొద్దీ కుడివైపుది వదులవుతుంది. అందుకని నార చుట్టి, పొడుగు రెంచి వేసి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించాలి. ఆ రోజు ఒక్బాయ్ బిగిస్తుంటే సైకిల్ కదలకుండా పట్టుకున్నది అజియెబే. ఇన్నాళ్ళ తర్వాత తల్చుకుంటే, పందెమేమీ లేని వారంలో అంత గట్టిగా ఎందుకు బిగించాడో ఆమెకు అర్థమైంది. తిరిగొచ్చేదాకా ఉండాలని.

తండ్రి పోయాక ఇంటి ముందుగదిలోని దుకాణం ఆమె తెరిచింది. అన్న సైకిల్‌ని వెనక గదిలో కొక్కేనికి వేలాడదీసింది. చక్రాలకు గాలి కొట్టేది, గొలుసుకు నూనె వేసేది గాని ఆ కప్పు జోలికి మాత్రం పోలేదు.

యుద్ధం ముగిసి పోరాటంవాళ్ళు ఊళ్ళోకి దిగిన రోజున జనం వీధుల్లో ఆడారు, పాడారు, ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. తల్లీ కూతురూ వచ్చే ప్రతి లారీ దగ్గరికీ వెళ్ళి మొహాలు చూశారు. ఎండకు నల్లబడి, బక్కచిక్కి, అందరూ ఒక్కలాగే ఉన్నారు. ఒక్బాయ్ లేడు. చాలాకాలానికి ఒక మనిషి ఇంటికి వచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి, నెమ్మదిగా చెప్పి వెళ్ళాడు. ఎక్కడ పోయాడో, ఎక్కడ పాతిపెట్టారో అతనికీ తెలియదు. ఆ తర్వాత కూడా తల్లి కాఫీ కాచినప్పుడల్లా ఒక కప్పు ఎక్కువ పోసేది. అది చల్లారిపోయేది. ఎవరూ తాగేవారు కాదు, పారబోసేవారు కాదు. తల్లి లేచి వెళ్ళాక అజియెబ్ దాన్ని తీసి మొక్కకు పోసేది.

దుకాణానికి వచ్చిన ప్రతి పోరాటం మనిషినీ ఆమె అడిగేది, ఒక్బాయ్ బొక్రె అని, పందేలు తొక్కేవాడు, మీకు తెలుసా అని. అందరూ జాలిపడి, తెలిసినట్టే ఉంది, మంచివాడు, ధైర్యవంతుడు అనేవాళ్ళు. ఆమె తలూపేది. వాళ్ళు వెళ్ళాక ఆ మాటలు ఆమెకు గుర్తుండేవి కావు.

అలాంటి రోజుల్లో తెకెస్తె వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఎడమకాలు మోకాలి కింద లేదు, కర్రకాలు పెట్టుకున్నాడు. ఒక పాత ఇటలీ ఫ్రేమును భుజాన వేసుకుని, బయటిదేశం వాళ్ళు దానంగా ఇచ్చిన కొత్త జపాను క్రాంకు సెట్టును అట్టపెట్టెలో పట్టుకుని లోపలికి వచ్చాడు. అది తళతళా మెరుస్తోంది.

"ఈ రెంటికీ పెళ్ళి చెయ్యాలమ్మాయ్" అన్నాడు. కొండల నుంచి వచ్చినవాళ్ళకు మీరు, గారు అలవాటు పోయింది.

అజియెబ్ పెట్టెలోని కప్పు తీసి ఫ్రేము గొట్టంలో పెట్టింది. అది లోటాలో గరిటెలాగ లొడలొడలాడింది. "జాతకాలు కలవవు. ఇది ఇంగ్లీషు మర. నీ ఫ్రేము ఇటలీది, బెజ్జం పెద్దది" అంది.

"బట్ట ముక్క చుట్టి దూర్చెయ్యి."

"దూరుస్తా. మొదటి మలుపులో క్రాంకు ఊడి చేతికొస్తుంది. రెండోకాలు కూడా పోగొట్టుకుంటావా?"

అతను నవ్వాడు. కాలు గురించి అంత సూటిగా మాట్లాడినవాళ్ళు అతనికి దొరికి చాలా రోజులైనట్టుంది. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. ఆమె అలవాటు ప్రకారం అన్న పేరు అడిగింది. అతను కళ్ళు మూసుకుని ఆలోచించాడు.

"లేదు, నాకు తెలీదు" అన్నాడు. "తెలుసని చెప్పాలనే ఉంది. కానీ తెలీదు."

అజియెబ్ చేతిలోని కప్పును బల్ల మీద పెట్టింది. ఇన్నేళ్ళలో ఆ మాట అన్నవాడు అతనొక్కడే. లోపలికి వెళ్ళి పొయ్యి మీద కాఫీగింజలు వేయించమని తల్లికి చెప్పి వచ్చింది.

కర్రకాలితో పెడల్ తొక్కాలంటే ఎడమ క్రాంకు కాస్త పొట్టిగా ఉండాలి, లేకపోతే మోకాలు పైకి లేవదు. తండ్రి డబ్బాలన్నీ బోర్లించి వెతికి అటువంటిది సంపాదించింది. దానికి జోడుగా కుడిది దొరికింది, ఇరుసు దొరికింది. కొత్త సెట్టులోని క్రాంకును పాత ఇరుసుకు తగిలించి చూద్దామని అతను పట్టుబడితే తగిలించి చూపించింది. ఇరుసు మొనా, క్రాంకు బెజ్జమూ నలుపలకలే, ఒకటే తీరుగా కనబడతాయి గాని, జపానుదాని బెజ్జం వెంట్రుకవాసి పెద్దది. క్రాంకు లోతుకు జారిపోయి పళ్ళచక్రం ఫ్రేమును గీసుకుంది. ఇక ఆ పెట్టెను అతనే మూసేశాడు. పాత ఇనుము బజారంతా తిరిగితే ఎడమవైపు కప్పులు దోసెడు దొరికాయి. కుడివైపుది ఒక్కటి లేదు. దారిలో వదులై, అలాగే తొక్కించుకుని, మరలు అరిగి చచ్చినవే అన్నీ.

ఊళ్ళో ఎక్కడా లేదని అతనితో చెప్పింది. చెబుతున్నప్పుడు వెనక గది తలుపు వైపు చూడకుండా జాగ్రత్తపడింది.

అతను అయినా వచ్చేవాడు. ఏమైనా దొరికిందా అని అడగడం కూడా మానేశాడు. వచ్చి కూర్చుని మూడు వాయిల కాఫీ తాగి, వేయించిన మొక్కజొన్న పేలాలు నములుతూ, సముద్రం గురించి మాట్లాడేవాడు. అతనిది కొండల కింద, సముద్రపొడ్డున ఉన్న మస్సావా. అస్మరా నుంచి అక్కడికి రోడ్డు మెలికలు తిరుగుతూ పొగమంచులోంచి కిందికి దిగుతుంది. ఆ దారిని ఒక్కసారైనా సైకిల్ మీద దిగాలని, కొండల్లో ఉన్నన్నాళ్ళూ పడుకునేముందు ఒక్కొక్క మలుపే తల్చుకుంటూ దిగేవాడట. ఎప్పుడూ దారి మధ్యలో ఉండే గిందా ఊరు చేరకముందే నిద్ర పట్టేసేదట.

ఆ మాట విన్న తర్వాత అజియెబ్ రెండు మూడు రోజులు వెనక గది గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చేసింది. చివరికి తల్లితో చెప్పింది, అన్న సైకిల్ కప్పు విప్పాలనుకుంటున్నానని. తల్లి ఏడుస్తుందని, తిడుతుందని సిద్ధపడి చెప్పింది. తల్లి పప్పు ఏరుతూనే ఉంది.

"వాడు ఉంటే ఏం చేసేవాడు?" అంది.

"ఇచ్చేసేవాడు."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు? నీకు ఇవ్వాలని లేదు. నామీద పెట్టి తప్పుకుందామనుకుంటున్నావు."

అజియెబ్ వెనక గదిలోకి వెళ్ళి సైకిల్ దించింది. క్రాంకులు తీసింది. పొడుగు రెంచి వేసి లాగింది. కదల్లేదు. కిరసనాయిలు పోసి, ఆగి, మళ్ళీ లాగింది. రెంచి చివర గొట్టం తొడిగి మోకాలు ఆనించి నొక్కింది. ఒక్బాయ్ బలం ఇంకా అందులో ఉంది. అవతలి పక్కన అన్న పట్టుకుని ఉన్నాడని, తాను ఇవతల నుంచి లాగుతున్నదని అనిపించి ఒక్క క్షణం చెయ్యి వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది. కీచుమని చప్పుడు చేసి కప్పు తిరిగింది.

మరల మధ్య నారపోగులు నల్లబడి అలాగే ఉన్నాయి. వాటిని సూదితో తీసి, పారెయ్యలేక, రుమాల్లో చుట్టి జేబులో వేసుకుంది. కప్పులోపల గోళీలు తిరిగే దారి అద్దంలా ఉంది. అరగలేదు. మరి ఒక్బాయ్ వెళ్ళాక తొక్కలేదు కదా ఎవరూ.

తెకెస్తె సైకిల్‌కు కొత్త నార చుట్టి ఆమే బిగించింది. అది ఎక్కడిదని అతను అడిగాడు. చెప్పింది. అతను వంగి కప్పు అంచును వేలితో తడిమాడు. పుచ్చుకోనంటాడేమోనని ఆమె భయపడింది.

"జాగ్రత్తగా తొక్కుతాను" అన్నాడు.

"జాగ్రత్తగా ఏం వద్దు. అన్న అలా తొక్కేవాడు కాదు."

అతను దిగాడు. మస్సావా చేరి, రేవులో పని దొరికి అక్కడే ఉండిపోయాడు. కానీ కప్పు వదులవుతుంది కదా. కొన్ని నెలలకొకసారి సైకిల్‌ని బస్సు మీద వేసుకుని పైకి వచ్చేవాడు. ఆమె బిగించేది. కాఫీ తాగి, కిందికి సైకిల్ మీద పోయేవాడు. మస్సావాలో సైకిల్ బాగుచేసేవాళ్ళు లేరా అని సందులోవాళ్ళు ఎకసెక్కాలాడారు. మరలకు పూసే జిగురు ఒకటి వచ్చింది, పూస్తే ఇక వదులు కాదని ఒక పందెగాడు సీసా తెచ్చి ఇచ్చాడు కూడా. అజియెబ్ దాన్ని వేరేవాళ్ళ సైకిళ్ళకు వాడింది.

ఒకసారి అతను అడిగేశాడు, కిందికి వచ్చెయ్యమని, రేవులో ఇల్లు ఉందని. ఆమెకు వెళ్ళాలనే ఉంది. ఎంత ఉందంటే, ఆ వారమంతా బిగించిన ప్రతి చక్రమూ వంకర వచ్చింది. కానీ రాలేనంది.

"మీ అమ్మనీ తీసుకురా."

"అమ్మ సంగతి కాదు. అన్నకు ఈ ఇల్లే తెలుసు." అని, తనే మళ్ళీ, "పిచ్చిదాన్ని అనుకుంటావేమో. వార్త చెప్పినాయన ఇదే పీట మీద కూర్చున్నాడు. నాకూ తెలుసు" అంది.

తెకెస్తె కాదనలేదు, ఓదార్చలేదు. "సరే. నాకూ ఈ ఇల్లు తెలుసు. నేనే వస్తుంటాను" అన్నాడు.

అలా ఏళ్ళు గడిచాయి. వాన కురిసి రోడ్డు తెగితే రెండు మూడు నెలలు రాడు. అప్పుడు ఆమె పొద్దున్నే కొండ అంచుకు నడిచివెళ్ళి, కింద తెల్లగా పరుచుకున్న మంచును చూసి వచ్చేది. ఎదురుచూడటం ఆమెకు కొత్త కాదు. ఎదురుచూస్తే వచ్చే మనిషి ఉండటం మాత్రం కొత్త. దానికి అలవాటుపడటం ఆమెకు కష్టమైంది. బస్సు ఆలస్యమైతే అన్నం మానేసేది.

తల్లి పోయింది. నలభయ్యో రోజు విందు అయ్యాక దుకాణం తెరిస్తే, ఇటలీలోని బొలోన్యాలో ఉండే ఒకప్పటి పందెగాడు సెలవులకు వచ్చి, అడగకుండానే కుడివైపు కప్పు కొత్తది తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక్బాయ్ ఫ్రేము అప్పటిదాకా బోలుగా వేలాడుతూనే ఉంది. అజియెబ్ దాన్ని దించి కప్పు బిగించింది, క్రాంకులు తొడిగింది, సీటు తన ఎత్తుకు దించింది. ఊరంతటికీ సైకిళ్ళు బాగుచేసింది గాని, ఊరు దాటి తొక్కింది లేదు ఆమె.

తెకెస్తె వచ్చిన తెల్లవారి ఇద్దరూ బయల్దేరారు. మంచులో ముందు అతని వెనక్కి తిరిగిన టోపీ తప్ప ఏమీ కనబడలేదు. బేలెస్ పళ్ళు కాసే నాగజెముడు పొదలు, ఎదురొచ్చే ఒంటెలు, మలుపులు. గిందాకు ముందు వచ్చే నెఫాసిత్ ఊరు చేరేసరికి వేడి తగిలింది. టీ కొట్టు ముందు ఆమె దిగింది. సముద్రం ఇంకా చాలా దూరంలో ఉంది, కనబడదు. అయినా అటే చూస్తూ నిలబడింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళాలంది. అతను సైకిల్‌ను బస్సు మీదికి అందించి తాడు కట్టించాడు. బస్సు కదిలేముందు ఆమె కిటికీలోంచి వంగి, వచ్చేసారి గిందా దాకా వస్తానని చెప్పింది.