అతికిన కాలు

నా చిన్నప్పుడు ఒక చెక్క ఏనుగంటే నాకు వణుకు. జానెడు ఏనుగు, పైన అంబారీ. మా తాతయ్య కొండపల్లిలో బొమ్మలు చెక్కేవాడు. రంగులు ఆరడానికి అరుగు మీద వరుసగా పెట్టిన బొమ్మల్ని ముట్టుకోవద్దని చెప్పినా, ఒకటి ఎత్తాను. చెయ్యి జారింది. ముందుకాలు విరిగి గచ్చు మీద దొర్లింది. అంత తేలికైన చెక్క అంత చప్పుడు చేస్తుందని నాకు తెలియదు. వీపు చీరేస్తాడని మా నాయనమ్మ వెనక నక్కాను.

తాతయ్య తిట్టలేదు. కాలినీ ఒంటినీ కలుపుతూ లోపలికి ఒక వెదురు పుల్ల దించాడు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కు పెట్టి అదిమాడు. బొమ్మలవాళ్లు అతుకులన్నీ దానితోనే వేస్తారు. నీడన ఆరాక సున్నం పూసి, రంగేసి, తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇక ఇది నీదేరా. ఆడుకో."

నేను ఆడుకోలేదు. ఎక్కడ అతికాడో చూసినవాణ్ని కదా, ఆ తర్వాత నాకు ఏనుగు కనబడలేదు, ఆ కాలే కనబడేది. నేల మీద నిలబెడితే ఒరుగుతుందేమోనని ఊపిరి బిగబట్టేవాణ్ని. పక్కింటి పిల్లలు చెయ్యి చాస్తే ఏడుపు లంకించుకునేవాణ్ని. చివరికి పాత చీరముక్కలో చుట్టి, మూలగదిలో బొంతల అడుగున దాచేశాను. రోజూ వెళ్లి గుడ్డ మీంచే తడిమి వచ్చేవాణ్ని. విప్పి చూసే ధైర్యం కూడా పోయింది.

వానాకాలం వెళ్లాక ఒకనాడు తాతయ్య ఏనుగేదిరా అని అడిగాడు. భద్రంగా దాచానని గొప్పగా చెప్పి మూట తెచ్చాను. విప్పితే ఒళ్లోకి మట్టి రాలింది. చెద పట్టింది. పైన రంగుపొర ఏనుగులాగే ఉంది, వేలు పెడితే లోపల ఏమీ లేదు. వీపు, తొండం, అంబారీ నా చేతిలోనే నలిగిపోయాయి. అతికిన కాలొక్కటి మిగిలింది, వెదురు పుల్లతో సహా, రాయిలాగా.

తాతయ్య ఆ కాలు ఊది, దుమ్ము దులిపి, నా అరచేతిలో పెట్టాడు. "చూశావా, నేను అతికింది పోలేదు. నువ్వు దాచింది పోయింది," అని మళ్లీ ఉలి పట్టుకున్నాడు. అంతే. ఆయన ఏదీ రెండోసారి చెప్పే మనిషి కాదు. ఆయన పోయేదాకా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఒక్కసారి విన్నది నాకు అర్థమయిందనే ఇన్నేళ్లూ అనుకున్నాను. కాలేదని మా మనవరాలి వల్ల తెలిసింది.

పిల్లకి పదిహేడేళ్లు. ఎదిగే వయసులో వెన్నెముక ఒక పక్కకి వంకర తిరిగింది. స్కోలియోసిస్ అన్నారు. ఏడాది కిందట విజయవాడలో ఆపరేషన్ చేసి, వెన్నుకి రెండు పక్కలా రాడ్లు పెట్టి స్క్రూలు బిగించారు. లేచి నిలబడేసరికి రెండంగుళాలు పొడుగైంది, డ్రస్సులన్నీ పొట్టివైపోయాయి. ఆటోనగర్‌లో నలభై ఏళ్లు లారీల ఛాసీలు సరిచేసినవాణ్ని, ఇనుమంటే నాకేం భయం? కానీ ఎక్స్‌రేలో ఆ పిల్ల వీపులో దాన్ని చూసిన రోజు ఆ ఫిల్ము గబగబా మళ్లీ కవర్లో పెట్టేశాను.

నా చదువు అయిదో తరగతిలో ఆగింది. మిగతాదంతా పొట్లాల కాగితాల మీదా పాత పేపర్ల మీదా నేర్చుకున్నదే. ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని ప్రతి మాటా చదివాను. అందుకే చూడ్డానికొచ్చినవాళ్లు నోటికొచ్చింది వాగుతుంటే ఒళ్లు మండిపోయేది. ఒకావిడ కాఫీ తాగుతూ, పిల్ల వింటుండగానే అంది:

"ఒంట్లో ఇనుము పెట్టారంట కదండీ, పాపం! రేపు పెళ్లీ పిల్లలూ ఎలా మరి?"

"మీ మోకాళ్లలో పెట్టింది బంగారమా అమ్మా? మెట్లెక్కి రాలేదూ మా ఇంటికి?" అన్నాను. ఆవిడ గ్లాసు పెట్టేసి వెళ్లిపోయింది.

ఆవిణ్ణి అలా దులిపేసిన నేనే ఇంట్లో ఆ పిల్లని మంచం దిగనిచ్చేవాణ్ని కాదు. కాలేజీకి ఆటోలో నేనే తీసుకెళ్లేవాణ్ని, పుస్తకాల సంచీ నేనే మోసేవాణ్ని. పెన్ను కింద పడితే నేనే పరిగెత్తేవాణ్ని. మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి తనే తీసుకోవడం ఆసుపత్రిలో చక్కగా నేర్పారు. నేను తియ్యనిస్తేగా! మొన్నటి చెకప్‌లో డాక్టరు గారు అంతా గట్టిపడిందని చెప్పారు. రాడ్లున్న చోట నడుం వంగదు, అంతేనట. బస్సెక్కొచ్చు, సంచీ మోసుకోవచ్చు, అందరిలా తిరగొచ్చట. ఇంటికి రాగానే బస్సుకి వీల్లేదన్నాను. బ్రేకు వేస్తే? ఎవడైనా తోస్తే?

"ఆపరేషన్ నాకా, నీకా తాతయ్యా?" అంది. పక్కనున్న దుప్పటి లాగి తల మీంచి కప్పుకుంది. "అయితే ఇలా చుట్టేసి బీరువాలో పెట్టు. భద్రంగా ఉంటా."

ఏనుగు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఆ పిల్లకి అసలే తెలియదు. దుప్పటి లోపల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తీసి చూడ్డానికి భయమేసింది, అప్పట్లాగే. అయినా తీశాను. ఏడుస్తోంది.

మర్నాడు పొద్దున ఇద్దరం స్టాపులో నిలబడ్డాం. బస్సు కిక్కిరిసి వచ్చింది. సీటు లేదు. సంచీ భుజానికి తగిలించుకుని ఎక్కి, పై కమ్మీ పట్టుకుంది. డ్రైవరు ఒక్క కుదుపుతో లాగించాడు. అద్దంలోంచి ఆ పిల్ల ఊగడం చూశాను, మళ్లీ నిలదొక్కుకోవడం చూసేలోగా బస్సు మలుపు తిరిగిపోయింది. గంటసేపు అక్కడే రాయిలా నిలబడ్డాను.

ఫోను మోగింది. "బెంజ్ సర్కిల్‌లో దిగా తాతయ్యా. ఎవరో ఆంటీ కాలు తొక్కింది. వీపు బానే ఉంది, వేలే నొప్పి!"

ఇప్పుడు రోజూ బస్సులోనే వెళుతోంది. నా భయం తగ్గిందని అబద్ధం చెప్పను. బస్సు కదిలిన ప్రతిసారీ చెయ్యి ముందుకి లేవబోతుంది, ఆపెయ్యమని. అప్పుడు ఆ చేతిని చొక్కా జేబులో పెడతాను. అక్కడ, చిన్నప్పటినుంచీ నేను పారెయ్యని ఆ ఏనుగు కాలుంటుంది. బస్సు మలుపు తిరిగేదాకా దాన్ని పట్టుకుని నిలబడతాను.